వెన్నెలతెరపై పెట్టిన బరువు

శ్రావణమేఘమాలికాసమాచ్ఛాదితమైన గగనతలమున భానుబింబము దుప్పటిలోనుండి తొంగిచూచు బద్ధకస్తునివలె క్షణమాత్రము కానవచ్చి మఱల మాయమగుచుండగా సముద్రమునుండి వీచు తడిగాలికి రేపల్లెలోని కొబ్బరిచెట్లెల్ల తలలూపుచుండిన యొకానొక ప్రాతఃకాలమున నాటకములకు తెరలు వ్రాసి జీవించు నాగలింగాచారి తన చిత్రశాలలో మెడ నొప్పిపుట్టునంతవఱకు పైకి చూచుచు నిలిచియుండెను. ఆ చిత్రశాలకు పడవలు చేయువారు పోసియిచ్చిన చదునైన ఫైబరుగ్లాసు కప్పు కలదు. అది కురియుచున్నది. ఎందుచేత కురియుచున్నదో మాత్రము ఆయనకు తెలియకున్నది.

కురిసిన కురియనిమ్మని యూరకుండుటకు వీలులేదు. దానిక్రింద వ్రేలాడునది ఆయన తండ్రి వీరభద్రాచారి కన్నుమూయుటకు ముందు వ్రాసిన వెన్నెలతెర. చంద్రికాధవళితసరోవరతీరవనశోభాభిరామమగు నా చిన్నతెర తప్ప ఆ మహాచిత్రకారుని చేతిపని మఱేదియు మిగులలేదు. తండ్రి పోయిననాడు కంటతడి పెట్టని లింగాచారి ఆ సరోవరపుటంచున తొలి నీటిమరకను చూచి వెక్కివెక్కి యేడ్చెను. ఇప్పుడా తెరను కొనిపోవుటకు ఱేపే చీరాలనుండి యొక నాటకసమాజమువారు రానుండిరి.

గ్రీష్మాంతమున నొక కొబ్బరికాయ రాలి కప్పు బీటవాఱగా ఆయన గాజునూలు గుడ్డ పఱచి జిగురుపూసి గట్టిగా నతికెను. ఆ యతుకు నేటికిని చెక్కుచెదరలేదు. అప్పుడు తడిసిన తెరను ఎండ తగిలినంతనే కప్పుపై పఱచి గాలి కెగిరిపోకుండ నాలుగు మూలల బరువుపెట్టి యారవేసెను. తరువాతి వానకు కప్పు వేఱొకచోట కురిసెను. మఱల నారవేసెను. మఱల కురిసెను. ఒకనాడీ మూల ఒకనాడా మూల.

కోతుల పనియేమో యనుకొని కఱ్ఱ పుచ్చుకొని కాపుకాచెను. ఒక్క కోతియు రాలేదు. పడవలవారు జిగురు తగ్గించి మోసపుచ్చిరని నలుగురిలో వారిని తూలనాడెను. పైకెక్కి యెంత వెదకినను బీట కానరాదు. ఈ తెర పరులచేత బడుట తండ్రి యాత్మకే యిష్టము లేదేమో యని కూడ తలపోసి భయపడెను. పాపము, ఆయన బుఱ్ఱ పనిచేయుట మానివేసెను.

అంతలో ఆయన భార్య మాణిక్యాంబ ద్వారముకడ నిలిచి “ఏమండీ, రుబ్బురోటి పొత్రము మీరేమైన తీసితిరా? ఎన్నాళ్లని ఎదురింటి వదినగారి రోటికి పోయెదను? సిగ్గగుచున్నది” అనెను.

“కప్పుమీద నున్నది. తెర యెగిరిపోకుండ పెట్టితిని.”

“తెర దిగివచ్చెను గదా. పొత్రమచ్చటనే కాపురముండవలెనా?”

లింగాచారి విసుగుకొనుచు నిచ్చెన యెక్కి పొత్రమును పైకెత్తెను. దానిక్రింద సాలెగూడువలె చిట్లిన బీట. మిగిలిన మూలల రాళ్లను ఒక్కొక్కటిగా నెత్తెను. ప్రతిదానిక్రిందను బీటయే. వాన మఱల వచ్చునను తొందరలో తాను ప్రతిమాఱును రాతిని ఒకప్రక్కకు ఒఱగించి తెరను దూర్చి దభాలున విడుచుటయు, ఎండిన తెరను మాత్రము లాగికొని రాళ్లను మఱుసటి యక్కరకై యచ్చటనే యుంచుటయు అప్పుడాయనకు జ్ఞప్తికి వచ్చెను. ఊరంతయు వెదకినవాడు ఆ రాళ్లక్రింద చూడలేదు. తెరను చెఱుపుచున్నది తన కాపుదలయే యని తెలిసి ఆయన కప్పుపై చతికిలబడెను.

బీటల నతికి దిగివచ్చునప్పటికి కొంచెము ఎండ కాసెను. తెర యింకను తడిగానే యున్నది.

“ఈమాఱు దేనిని పెట్టుదురు?” అని మాణిక్యాంబ యడిగెను.

“ఏమియు పెట్టను. నీవా మూలలు పట్టుకొనుము.”

పెరటిలో ఆమె యొకవైపునను ఆయన యొకవైపునను తెరను పట్టుకొని నిలిచిరి. ప్రాణసమానమగు వస్తువును కాపాడబూనినవాడు తాను దానిపై మోపు బరువును గూడ నెఱిగియుండవలెను.

“చేతులు పీకుచున్నవండీ. ఇంకెంతసేపు?”

“ఆరునంతవఱకు.”

గాలికి వెన్నెల యుబ్బి వారిని చెరియొకప్రక్కకు లాగుచుండెను. ఇద్దరును విడువలేదు.