మోకు గాడి

బందరు కాలవ గట్టు మీద, పాత పడవల రేవులో, నడుం ఎత్తు రాయి ఒకటి ఉంది. ఒకప్పుడు బెజవాడ నుంచి వచ్చిన పడవలని దానికే కట్టేసేవాళ్లు. కాలవలో పడవలు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ రాయితో ఇంకా పని ఉన్న మనిషి ఊళ్లో ఒక్కతే మిగిలింది. ఆమె లక్ష్మీకాంతమ్మ.

పొద్దుటి నుంచీ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, సాయంత్రం నాలుగింటికల్లా రేవుకి చేరేది. ఖాళీ గంప బోర్లించి, రాయికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చునేది. దారిలో కొన్న బఠాణీల పొట్లం విప్పి, బఠాణీలు ఒళ్లో పోసుకుని, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసేది. అప్పుడు దాన్ని పైకి చదివేది. మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

పొట్లం కాగితం కాబట్టి ఏ వార్తా పూర్తిగా ఉండేది కాదు. ఒకనాడు నాగాయలంకలో రొయ్యల చెరువులకి తెగులొచ్చిందని ఉండేది, తర్వాత ఏమైందో ఉండేది కాదు. ఒకనాడు ఎవరిదో పెళ్లి ఫొటో, మొగుడి సగం చిరిగిపోయి. ఉన్నంత వరకూ చదివేది. "మిగతాది ఎవరి పొట్లంలో పోయిందో మరి," అని రాయితో చెప్పేది.

రాయితో అంటే పోతయ్యతో.

పోతయ్య ఆమె మొగుడు. పడవ సరంగు. వాళ్లకి పిల్లల్లేరు, ఇల్లూ లేదు. పడవే ఇల్లు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లేకపోతే అతను గట్టున నడుస్తూ తాడుతో లాగేవాడు, ఆమె చుక్కాని పట్టేది. కాలవలో సరుకు రవాణా పోయి లారీలు వచ్చాక ఆ పడవని చెక్కలు చెక్కలుగా విప్పి అమ్మేశారు. ఆ పైన పోతయ్య కొన్నేళ్లు రిక్షా తొక్కాడు, కామెర్లొచ్చి పోయాడు. అతను పోయిన ఐదేళ్లకి, పేటలో పెద్దవాళ్ల కోసం పెట్టిన సాయంత్రపు బడిలో ఆమెకి చదువొచ్చింది. ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషికి ఆ సంగతి తెలియకుండా పోయింది.

అందుకని చదివి వినిపించేది.

ఆ రాయే ఎందుకూ అంటే, దానికి మూడు గాడులున్నాయి. ఏళ్ల తరబడి కొబ్బరిపీచు మోకులు ఒరుసుకుని పడిన గాడులు. ఏ సరంగు మోకు కట్టే ఎత్తు అతనిది. పై రెండింటినీ ఎంతమందో వాడారు. అన్నింటికన్నా కింద, నేలకి జానెడు ఎత్తున ఉన్నది మాత్రం పోతయ్య ఒక్కడిదే. "వంగి వంగి అక్కడ కడతావేవిట్రా, ఏవన్నా పడిపోయిందా?" అని తోటి సరంగులు వేళాకోళం ఆడేవాళ్లు. మోకు కిందికి కడితే పడవ తక్కువ ఊగుతుందనీ, పొయ్యి మీద గంజి ఒలకదనీ పోతయ్య నమ్మకం. ఆ మాట వాళ్లతో ఎప్పుడూ అనలేదు. ఆమెతోనే అన్నాడు, అదీ ఒక్కసారే.

పడవ పోయింది, మనిషి పోయాడు. అతని చేతి పని అని చూపించడానికి లోకంలో ఆ గాడి ఒక్కటే ఉంది. కూర్చున్నప్పుడల్లా చెయ్యి వెనక్కి పోనిచ్చి వేలితో దాన్ని తడుముకునేది.

ఆ ఏడు ఆశ్వయుజ మాసంలో ఊళ్లో కొత్త సందడి మొదలైంది. కార్తీకంలో మూడు రోజులు కాలవ పండగ చేస్తారట. నీళ్లని కప్పేసిన తూడు తీయించి, గట్లు బాగుచేసి, పాత రేవుకి మళ్లీ కళ తెస్తారట. ఈ కబురు చెప్పింది రత్తయ్య. అతనూ ఒకప్పుడు పడవలు లాగినవాడే. ఇప్పుడు రేవు మలుపులో టీ బడ్డీ నడుపుతున్నాడు.

"వదినా, మనకి మంచి రోజులొచ్చినయ్. కాలవలో బోటు షికారంట. పెడన నుంచి కలంకారీ దుకాణాలంట. పాత పడవల ఫొటోలు పెడతారంట. మా అన్న బొమ్మ కూడా ఉంటదేమో చూసుకో."

"మీ అన్న పడవ మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడా ఏవన్నా? లాగడానికే తీరికలేకపాయె," అంది లక్ష్మీకాంతమ్మ. అయినా ఆమెకి సంతోషంగానే ఉంది. కాలవని ఎవరో తలుచుకుంటున్నారు కదా అనిపించింది.

నాలుగో రోజున వచ్చేసరికి రాయి మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి ఉంది.

"మెట్లు కడతారంట. ఆ రాయి అడ్డంట," అన్నాడు రత్తయ్య, గ్లాసులు కడుగుతూ, ఆమె మొహం వంక చూడకుండా. "ఎల్లుండి పొక్లెయిన్ వస్తది."

ఆమె ఆ పూట గంప అక్కడే వదిలేసి కమిటీ ఆఫీసుకి వెళ్లింది. కమిటీ పెద్ద చలపతిరావు గారు. పొలాలున్న కుటుంబం, రైసు మిల్లుంది. పండగ మీద నిజంగా మోజుపడి చేస్తున్న మనిషి. ఆమెని కుర్చీలో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"ఆ రాయిని ఉంచండి బాబుగారూ. పడవలు కట్టిన రాయి అది."

"మేం చేసేదంతా ఆ పడవల జ్ఞాపకం కోసమేనమ్మా. హాలు నిండా ఫొటోలు పెడుతున్నాం. వచ్చి చూడు."

"ఫొటోలు ఎందుకండీ, రాయి ఉందిగా?"

ఆయన నవ్వారు. కోపంగా కాదు. "మెట్లు లేకపోతే ఆడవాళ్లు దీపాలు ఎట్లా వదుల్తారు చెప్పు? పదడుగులు అటూ ఇటూ జరుపుదామంటే కాంట్రాక్టరు ప్లాను మారదంటున్నాడు. ఒక్క రాయి కోసం పండగ ఆపలేం కదా."

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ కనపడలేదు ఆమెకి. తిరిగి వస్తూ వస్తూ కోనేరు సెంటరు దాటాక రోడ్డు ఒకచోట పాములా వంకర తిరగడం చూసింది. రోజూ చూసేదే. ఆ వంకరలో వేపచెట్టు కింద నాగదేవత రాయి ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు మేడలు కొట్టేశారు గానీ, పసుపు పూసిన ఆ మూరెడు రాతిని ముట్టుకోలేదు. రోడ్డే పక్కకి తప్పుకుంది.

లక్ష్మీకాంతమ్మ అక్కడే కాసేపు నిలబడింది.

మర్నాడు కిరాణా కొట్లో పావుకిలో పసుపూ, కుంకం పొట్లమూ అడిగితే కొట్టతను తలెత్తి చూశాడు. "ఎవరికి పిన్నీ?"

"పక్కింటమ్మాయికి. పేరంటం ఉందంట."

పద్నాలుగేళ్లయింది ఆమె చెయ్యి కుంకాన్ని ముట్టుకుని. ఆ తర్వాతి రోజు తెల్లవారుతుండగా, గట్టు మీద ఎవరూ లేకముందే, కాలవ నీళ్లతో పసుపు కలిపి రాయికి పై నుంచి కింది దాకా పూసింది. ఎర్ర ఇంటూ మీద కాస్త మందంగా పూసింది. దాని మీద కుంకం బొట్లు పెట్టింది. కింది గాడి దగ్గరికొచ్చేసరికి మాత్రం పసుపు అద్దకుండా వదిలేసింది. "ఇదేం చోద్యవే అని నవ్వుకోకు," అంది నెమ్మదిగా. "నాకు ఇంకో దారి తోచలేదు."

పదింటికి పొక్లెయిన్ వచ్చింది. డ్రైవరు రాయిని చూసి, బండి ఆపి, దిగి చెప్పులు విడిచాడు. "నా వల్ల కాదు. నాకు పిల్లలున్నారు," అన్నాడు. కాంట్రాక్టరు వచ్చాడు. చలపతిరావు గారు వచ్చారు. అందరూ చుట్టూ నిలబడి చూశారు. ఎవరు పూశారని ఒక్కరూ అడగలేదు. చివరికి చలపతిరావు గారు చేతులు జోడించారు. మెట్లు పదడుగులు అవతలికి జరిగాయి. మొన్న మారదన్న ప్లాను గంటలో మారింది.

సాయంత్రానికి రాయి మీద పూలున్నాయి. రెండో రోజుకి నిమ్మకాయల దండ వచ్చింది. మూడో రోజుకి కాలవమ్మ తల్లి అనే పేరు కూడా వచ్చింది. ఎవరి కలలోనో కనపడి చెప్పిందట.

"వదినా," అన్నాడు రత్తయ్య టీ ఇస్తూ. "ఇన్నేళ్లు అమ్మవారికి వీపానించి కూర్చుని బఠాణీలు నవిలావు. కళ్లు ఎట్టా నిలిచినయ్ నీకు?"

ఆమె టీ తాగేసి గ్లాసు చాపింది. అతను ఆమె గోళ్ల చివర మిగిలిపోయిన పసుపు వంక చూశాడు. చూసి, గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె లెక్క వేరు. పండగ మూడు రోజులూ అయిపోతాయి, వచ్చే వానకి పసుపు కారిపోతుంది, జనం మర్చిపోతారు, తను మళ్లీ గంప బోర్లించుకుని కూర్చుంటుంది అనుకుంది. అమ్మవారికి గుడి కట్టకుండా ఊరుకునే ఊరు మన వైపు ఎక్కడుందో ఆలోచించలేదు పాపం.

పండగ ఇంకో రెండు రోజులుందనగా మేస్త్రీ వచ్చాడు. రాయి చుట్టూ ఇటుకలు పేర్చడం మొదలెట్టాడు. అరుగు అట. మోకాలి ఎత్తున.

"అంత ఎత్తెందుకు నాయనా? ఒక వరస చాలదూ?"

"అమ్మవారు నేల మీద ఉంటే ఎట్టా మామ్మా? కుక్కలొస్తాయి. పాదాలు కప్పెయ్యాలి."

పాదాలు ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు. నేలకి జానెడు ఎత్తున.

చలపతిరావు గారు ఆ పక్కనే పందిరి వేయిస్తున్నారు. ఆయనతో పాటు గుడివాడ నుంచి వచ్చిన వందన అనే అమ్మాయి ఉంది. కాలేజీలో పాఠాలు చెబుతుంది, పండగ పుస్తకానికి పాత కబుర్లు రాసుకుంటోంది. లక్ష్మీకాంతమ్మ వెళ్లి ఇద్దరి ముందూ నిలబడింది. చెబితే రాయిని పీకేస్తారేమో. చెప్పకపోతే గాడిని పూడ్చేస్తారు. రాయి ఉండి గాడి లేకపోతే ఆ రాయి తనకెందుకు?

"బాబుగారూ, అది అమ్మవారు కాదండీ. పసుపు పూసింది నేను. రాయి పీకేస్తారని పూశాను. తప్పయితే నన్నేవన్నా అనండి. ఆ అరుగు మటుకు కట్టించకండి. కింద మా ఆయన మోకు గాడి ఉంది."

వందన రాయడం ఆపేసింది. చలపతిరావు గారి కళ్లు చెమ్మగిల్లాయి.

"పిచ్చిదానా, నువ్వు పూశానంటున్నావు. అమ్మవారే నీ చేత పూయించుకుంది."

"కాదండీ. నా బుర్రకి తోచే పూశాను."

"ఆ తోచడం ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?"

ఆయన మేస్త్రీ వైపు తిరిగి, "తొందరగా కానివ్వు," అన్నారు. మళ్లీ ఆమెతో మెత్తగా అన్నారు: "నువ్వు చేయాల్సింది చేశావమ్మా. ఇక ముందు పసుపూ కుంకం పేరంటాళ్లు చూసుకుంటారులే."

వందన వెనకాలే నాలుగడుగులు వచ్చింది. "మోకు గాడి అన్నారు కదా, ఏవిటండీ అది? రాసుకుంటాను," అంది.

"రాసుకోవడానికి ఏవుందమ్మా," అంది లక్ష్మీకాంతమ్మ. "గంజి ఒలక్కుండా కట్టేవాడు." ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. అయినా రాసుకుంది.

మేస్త్రీ రెండో వరస పెట్టబోతుంటే ఆమె గట్టు మీద మోకాళ్లానించి వంగింది. ఇటుకకీ రాతికీ మధ్య చెయ్యి దూర్చి, గాడిలో వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి పోనిచ్చింది. రాయి అక్కడ నున్నగా, గిన్నె అడుగులా ఉంది. మేస్త్రీ తాపీ చేత్తో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"అయిందా మామ్మా?"

"అయింది నాయనా. కానియ్."

అతను సిమెంటు పోశాడు.

పండగ బాగా జరిగింది. అది ఒప్పుకోవాలి. తూడు తీసిన కాలవలో ఆకాశం కనపడింది. పెడన నుంచి అద్దకం దుప్పట్లు వచ్చాయి, కోడూరు నుంచి కోలాటం వాళ్లు వచ్చారు. బోటులో పిల్లలు కేకలు పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత కాలవ మీద మనుషుల గొంతులు వినపడ్డాయి. రత్తయ్య బడ్డీలో పాలు రెండుసార్లు అయిపోయాయి.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి లక్ష్మీకాంతమ్మ రేవుకి వచ్చింది. రాయి చుట్టూ ఇనప కటకటాలు పెట్టారు. లోపల రాయికి పట్టుచీర కట్టి, వెండి కళ్లు అతికించారు. కటకటాలకి నీలం బోర్డు ఉంది. ఆమె ఆగి చదివింది. కాలవమ్మ తల్లి. చెప్పులతో రాకూడదు. లోపలికి ప్రవేశం లేదు. తాకరాదు. ఎక్కడా తడబడలేదు. అన్నీ తనకి వచ్చిన అక్షరాలే. సగం చిరిగిపోకుండా పూర్తిగా చదివింది ఈ మధ్య అదొక్కటే.

"కదలండమ్మా, వెనకాల లైనుంది," అంది ఎవరో పేరంటాలు, పసుపు పళ్లెంతో.

ఆమె పక్కకి తప్పుకుంది. పదడుగుల అవతల కొత్త మెట్లున్నాయి. ఇంకా తడి సిమెంటు వాసన వస్తోంది. పై మెట్టు మీద గంప బోర్లించి కూర్చుంది. వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేదు. కాసేపు అటూ ఇటూ కదిలి, చివరికి ఒక చెయ్యి వెనక్కి ఊతం పెట్టుకుంది. బఠాణీల పొట్లం విప్పి కాగితం మోకాలి మీద సాపు చేసింది.

మైకులో ఎవరో పేర్లు చదువుతున్నారు. గంట మోగుతోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి వినపడుతుందో లేదోనని లక్ష్మీకాంతమ్మ గొంతు కొంచెం పెంచి చదవడం మొదలుపెట్టింది.