దేవుని కాగు

రొట్టె ఇంకా పెనం మీద ఉండగానే కబురు వచ్చింది, రాత్రి దేవుడు మళ్లీ మాట్లాడాడట. ఈసారి కదలొద్దన్నాడట.

"రాత్రంత మోకాళ్ల మీదనే ఉన్న. ప్రభువు సాఫ్ చెప్పిండు. కామారెడ్డిలనే ఉండుమన్నడు," అని అబ్రాహాము పీట వాల్చుకుని కూర్చున్నాడు. తొలి రొట్టె తనకే వస్తుందన్న ధీమాతో పళ్లెం ముందుకు జరిపాడు. రాత్రంతా మోకాళ్ల మీద ఉన్న మనిషి అంత గురక ఎట్లా పెట్టాడని ఆయన భార్య సాలవ్వ అడగలేదు. రొట్టె తిరగేసింది. వేళ్లు చురుక్కుమన్నాయి. వాకిట్లో ప్రార్థన గుడిసె నీడన హన్మవ్వ కూర్చుని ఉంది. ఎల్లారెడ్డి అవతల, అడవి అంచున ఉన్న బోడగుట్ట నుంచి కాలినడకన నిన్న వచ్చింది పాపం. మా ఊరికి రండి అని అడిగి, జవాబు కోసం కూర్చుంది.

అబ్రాహాము ఉపదేశి. పాదిరి దొర ఏ ఊరికి పొమ్మంటే ఆ ఊరికి పోయి, వాడలో గుడిసె వేసుకుని, వాక్యం చెప్పి, పిల్లల చేత అక్షరాలు దిద్దించే మనిషి. బాప్తిస్మంలో ఆయనకు ఆ పేరు పెట్టారు. పిలుపు వినగానే మూట కట్టుకుని, ఎక్కడికో తెలియకుండానే బయలుదేరిన బైబిల్లోని పాతకాలపు పెద్దమనిషి పేరు. పెట్టినవారు ఏ గడియలో పెట్టారో గానీ ఈయనకు అది తలకెక్కింది. పెళ్లై సాలవ్వ దోమకొండకు కాపురానికి వచ్చి పొయ్యి వేస్తే, అది ఆరి గట్టిపడేలోగా "దేవుడు పిలిచిండు, లే" అన్నాడు. నిజాంసాగర్ కాలువ కింద ఒక ఊరికి తీసుకుపోయాడు. కొత్తగా నీళ్లు పారుతున్న ఊరు. పైరుకు ఎంత మేలో దోమలకూ అంతే మేలు. అక్కడే చలిజ్వరం వచ్చి నాలుగేళ్ల కూతురు మార్త పోయింది. పిల్లను కాలువగట్టు పక్కన పూడ్చిన మన్ను ఇంకా కుంగనైనా లేదు, ఆయనకు కామారెడ్డి పిలుపు వచ్చింది. రైలు స్టేషను ఉన్న ఊరు. ఆ పిలుపు మాత్రం ఎంత గట్టిగా వినిపించిందో ఆయనకు! సాలవ్వ ఆ మట్టి దగ్గర కూర్చుని లేవనంటే, అత్త మంగవ్వ జబ్బ పట్టి లేపింది. "నా కొడుకు దేవుని పని మీద పోతుంటే అడ్డం పడతవేందే? ఏడిస్తే నలుగురు ఏమనుకుంటరు, ఉపదేశి పెండ్లానికే నమ్మకం లేదనరా?" అంది. సాలవ్వ లేచింది. ఏడుపు బండి మీద, గిన్నెల మూటలో మొహం దాచుకుని ఏడ్చింది.

ఊరు ఏదైనా సాలవ్వ పని ఒక్కటే. పొద్దున లేచి ఇంటితో పాటు ప్రార్థన గుడిసె కూడా అలకాలి. గంటకు బదులు కట్టిన రైలు పట్టాముక్క మోగించి వాడను లేపాలి. వచ్చినవాళ్లకు వండాలి, ఉన్నవాళ్లకు వడ్డించాలి, మిగిలితే తినాలి. పాటలు రాని ఆడవాళ్లకు చప్పట్ల మీద పాటలు నేర్పేది ఆమె. పురుడొచ్చిన ఇంట్లో రాత్రంతా కూర్చునేది ఆమె. అమ్మవారు పోసిన పిల్లల పక్కన వేపమండ పట్టుకుని విసిరేది ఆమె. నెలకోసారి పాదిరి దొర వస్తే అబ్రాహాము చేతులు కట్టుకుని నిలబడి, "ఈ నెల ఇంతమందికి పాటలు నేర్పిన, ఇన్ని ఇండ్లు తిరిగిన," అని చెప్పేవాడు. సాలవ్వ తలుపు వెనక నిలబడి, దొరకు పాలు పొంగకుండా చూసుకునేది. వాడవాళ్లు ఊరి భూస్వామి దొర గడీలో వెట్టి చేసి వచ్చి తిట్టుకునేవాళ్లు కనీసం. ఆమెకు తిట్టుకునే వీలు కూడా లేదు, ఇది దేవుని పని కదా.

పని ఎక్కువని కాదు ఆమె బాధ. పని చేతులకు అలవాటే. లోపల ఒక్కటే కోరిక, పెళ్లైనప్పటి నుంచీ ఉన్నది, ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారని చెప్పుకోనిది. దేవుడు ఒక్కసారి తనతో మాట్లాడాలి. విసుర్రాయి తిప్పుతూ అడిగేది, నీళ్ల బిందె చంకన పెట్టుకుని అడిగేది. 'అందరికీ తండ్రివంటారు గదా, ఇంత పిసినారివేంది? పొమ్మంటే పోత, ఉండుమంటే ఉంట, నాకు చెప్పు. ఆయనతోని చెప్పి పంపకు. పిల్లను ఇడిసిపెట్టి రమ్మన్నది నువ్వేనా, ఆయనేనా, అదన్న చెప్పు.' చెవులు రిక్కించి వినేది. కోడి కూసేది, పొరుగింట్లో ఎవరో దగ్గేవారు, అంతే. ఆ పాతకాలపు పెద్దమనిషి భార్య గురించి కూడా ఆలోచించేది. ఎక్కడికి పోతున్నాడో ఆయనకు తెలియదు, సరే, పిలిచిన గొంతైనా తెలుసు. ఆమెకు అదీ తెలియదు. గుడారం విప్పమంటే విప్పింది, కట్టమంటే కట్టింది. ఆమె ఏమనుకుందో ఎవరూ చెప్పలేదు, అబ్రాహాముని అడిగితే "అవన్ని నీకెందుకు?" అన్నాడు.

నిన్న హన్మవ్వ వచ్చి చెప్పిన సంగతి వినే దాకా సాలవ్వ ఇట్లాగే ఎదురుచూస్తూ ఉండేది.

పోయిన ఏడు వరికోతలకు బోడగుట్ట ఆడవాళ్లు కూలికి వచ్చి ఈ ప్రార్థన గుడిసె వెనకే దిగారు. సాయంత్రాలు సాలవ్వ వాళ్ల మధ్య కూర్చుని పాటలు పాడింది, కథలు చెప్పింది. ఎంత శ్రద్ధగా విన్నారో! ఒకనాడు హన్మవ్వ అడిగింది, "మా ఊర్ల గుడి లేదు, అయ్య లేడు, సదువు లేదు. మేమేం చెయ్యాలె అక్కా?" అని. సాలవ్వ చెప్పసాగింది. "వండేటప్పుడు ఒక్క పిడికెడు గింజలు దేవునికని తీసి పక్కకు పెట్టుండ్రి" అంది. అంతలో ఇంట్లోంచి "నీళ్లు కాగినయా లేదా? మనిషి ఎంతసేపు నిలవడాలె?" అని అబ్రాహాము కేక. ఆయన స్నానానికి నీళ్లు తోడటానికి పరుగెత్తింది. మిగతాది రేపు చెప్పవచ్చుననుకుంది. తెల్లవారేసరికి కోతలైపోయి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ పిడికెడు గింజలు తర్వాత ఏం చేస్తారో ఈ వాడలో చిన్నపిల్లకైనా తెలుసు. ఆదివారం గుడికి తెస్తారు. ఉపదేశికింత, లేనివాళ్లకింత పంచుతారు. బోడగుట్ట ఆడవాళ్లకు తెలియదు. ఇంటింటా తీసిన గింజలన్నీ హన్మవ్వ ఇంట్లో ఒక పెద్ద కాగులో పోసి, పైన మూకుడు పెట్టి, మట్టితో మెత్తారు. దేవుడు వచ్చి తీసుకుంటాడని చూస్తున్నారు. ఈ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఇళ్లలో గింజ లేదు. ఇప్పపువ్వు ఉడకేసి, చింతగింజలు దంచి పిల్లలకు పెడుతున్నారు. కాగు మాత్రం నిండుగా ఉంది. ఒక్కరూ ముట్టలేదు.

"రాజయ్య పెండ్లాం మొన్న మూకుడు మీద చెయ్యేస్తే అందరు కొట్టబోయిండ్రక్కా. నా మనుమరాలు ఆ కాగు పక్కపొంటనే పండుకున్నది, లేవశాతనైతలేదు," అంది హన్మవ్వ.

"అయ్యో, అది మీరే తినుండ్రి! నేను చెప్పిన్నని చెప్పు," అంది సాలవ్వ గుండె బాదుకుని.

"నేను చెప్తే నమ్ముతరా? మనుమరాలి ఆకలికి కథలల్లుతున్నననరా? దేవుని మనిషి రావాలె. అచ్చి చేత్తోని తియ్యాలె. నువ్వు చెప్తేనే పెట్టినం, నువ్వు తీస్తేనే తింటం."

ఇదంతా విని అబ్రాహాము పడీ పడీ నవ్వాడు. "ఇంత ఎడ్డోళ్లా! దేవుడు జొన్నలు తింటడా?" అన్నాడు. సాలవ్వకు ఒళ్లు మండిపోయింది. ఎవరు వెర్రివాళ్లు? సగం మాట విని, ఎవరో కూడా తెలియని దేవుని కోసం పిల్లల ఆకలిని పక్కన పెట్టుకున్నవాళ్లా, ఇంతకాలం దేవుని పేరు చెప్పుకుని తిన్న తామా?

ఇప్పుడు మొదటి రొట్టె పళ్లెంలో వేస్తూ బోడగుట్టకు పోయే మాటే ఎత్తింది. "నాలుగొద్దులకన్న పోయొద్దాం. పిల్లలు సచ్చిపోతరు."

"ప్రభువు వద్దన్నంక నేనెట్ల వస్త? ఆ అడివిల ఏముంది? పాదిరి దొర ఈడనే పెద్ద గుడి కట్టిస్తనన్నడు, నన్ను సూసుకొమ్మన్నడు."

"నువ్వు రాకుంటె నేనన్న పోత."

అబ్రాహాము నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. "నువ్వా? నీకేమన్న చెప్పిండా దేవుడు?"

ఎంత చులకనగా అడిగాడు! అయినా ఆమె అబద్ధమాడలేకపోయింది. "చెప్పలే," అంది.

"మరి? చెప్పేదుంటే నాకు చెప్తడు. ఇంకో రొట్టె వెయ్యి."

వేసింది. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక వాకిట్లోకి పోయి, ఆయన రాడట అని హన్మవ్వకు చెప్పింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకుంది. హన్మవ్వ మాత్రం "గట్లనా," అని కొంగు దులుపుకుని లేచింది. "పోత మరి. పిల్ల ఎట్లున్నదో," అని ఎండలోకి నడిచింది.

సాలవ్వ లోపలికి వచ్చి విసుర్రాయి ముందు కూలబడింది. పిండి చాలినంత ఉంది. అయినా పిడి పట్టుకుంది. 'ఇప్పుడన్న చెప్పు. ఇంకెప్పుడు చెప్తవు? ఒక్క మాట. పో అంటే చాలు.' విన్నది. ఒంటిలో ఉన్న ప్రాణమంతా చెవుల్లోకి తెచ్చుకుని విన్నది. రాయి కింద గింజ నలిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు ఏడుపొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఎల్లారెడ్డి దారి ఎటు వంపు తిరుగుతుందో కూడా తెలియదు తనకు. ఎప్పుడూ ఒక మగవాడి వీపు చూసుకుంటూ నడిచిన మనిషి. పోతే ఈ గడప మళ్లీ తొక్కనిస్తాడా? అంతా తెలిసి తెలిసి ఎట్లా లేవడం? కానీ బోడగుట్ట ఆడవాళ్లకు మాత్రం ఏ గొంతు వినిపించిందని? ఒక ప్రార్థన గుడిసె వెనక ఒక ఆడది తొందరలో అన్న సగం మాట, అంతే. దాన్ని పట్టుకుని ఇన్నాళ్లు ఉన్నారు. ఆ మిగతా సగం తన నోట్లోనే ఉండిపోయింది. ఇది ఇంకెవరైనా పోయి చెప్పేది కాదు.

సాలవ్వ లేచింది. రెండో చీర, మిగిలిన రొట్టెలు మూట కట్టింది.

గడపలో అబ్రాహాము ఎదురొచ్చాడు. మూట చూసి కాసేపు ఆయనకు అర్థం కాలేదు. "ఎటు?" అన్నాడు.

"బోడగుట్టకు."

"ఏమే, మతి పోయిందా? ఆడ ఎవరున్నరు నీకు? ఎక్కడుంటవు, ఏం తింటవు?"

"తెల్వదు."

"ఎన్నడొస్తవు?"

"అదీ తెల్వదు."

"ఉపదేశి పెండ్లాం మొగన్ని ఇడిసిపెట్టి పోయిందంటె దొర నన్ను ఉంచుతడా? ఇప్పుడు పోతే మళ్ల ఈ ఇంటికి రావద్దు, చెప్తున్న. నిన్ను ఎవరు పొమ్మన్నరు? దేవుడు చెప్పకుంటె ఎట్ల పోతవు నువ్వు?"

సాలవ్వ ఆయన మొహం చూసింది. కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది అందులో. జాలేసింది కూడా. "నువ్వు దేవుడు చెప్పినంక పోయినోనివి. నేను ఆయన చెప్పకముందే పోతున్న," అని పక్కనుంచి తప్పుకుని దిగింది. ఆయన వెనక నుంచి ఇంకా ఏదో అరిచాడు. అత్త పేరు, దొర పేరు వినిపించాయి.

తాడ్వాయి దాటాక హన్మవ్వ అందింది. వెనక్కి చూసి, సాలవ్వ చేతిలోంచి మూట అందుకుని నెత్తిన పెట్టుకుంది. దారి పొడుగునా సాలవ్వ చెవులు ఊరుకోలేదు. కాళ్లు బొబ్బలెక్కినప్పుడు విన్నది, రాత్రి ఒక చెట్టు కింద ఒరిగినప్పుడు విన్నది, ఎల్లారెడ్డి దాటి మోదుగుచెట్ల మధ్య బాట సన్నబడ్డప్పుడు విన్నది. అలవాటు. దేవుడు మాట్లాడలేదు. మార్త గుర్తొచ్చింది, ఆ కాలువగట్టు ఇక్కడికి ఎంత దూరమోననుకుంది.

బోడగుట్టలో కబురు క్షణంలో పాకింది. ఆడవాళ్లంతా హన్మవ్వ ఇంటి ముందు చేరారు. మొహాల్లో ఎముకలే ఉన్నాయి. కాగు పక్కన చాప మీద ఆ పిల్ల, మార్త అంతే ఉంది, కళ్లు మాత్రం తెరిచి చూస్తోంది. సాలవ్వ మట్టి మెత్తు గిల్లి, మూకుడు తీసి, రెండు చేతులూ లోపల పెట్టింది. జొన్నలు. కొంచెం పురుగు పట్టాయి. దోసిలి నిండా తీసి హన్మవ్వ కొంగులో పోసింది. "వండు," అంది. ఎవరూ కదలలేదు. హన్మవ్వ కూడా ఆ కొంగు అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

భూమక్క అనే ముసలామె కర్ర పట్టుకుని ముందుకు వచ్చింది. "బిడ్డా, మాకు ఆకలైతున్నది నిజమే. గని ఇది ఆయన సొమ్ము. ఆయన తినుమన్నడా? నీతోని చెప్పిండా?"

అందరూ సాలవ్వ నోటి వంకే చూస్తున్నారు. పిల్ల కూడా చూస్తోంది. నిన్న పొద్దున మొగుడి ముందు నిజం చెప్పిన నోరే ఇది. అబద్ధం రాని నోరు.

"చెప్పిండు," అంది సాలవ్వ.

అబద్ధమేమోనని ఒక్క క్షణం అనుకుంది. కాదు. ఆ మాట తన గొంతులోంచి వస్తుండగానే, తన చెవులతోనే, ఆమె మొదటిసారి విన్నది.