గేటు దాటే పరుపులు

మా బడి మానేసే పిల్లల తల్లిదండ్రులు ఆ మాట ముందుగా చెప్పరు. చెబితే ఒక టర్ము ఫీజు అదనంగా కట్టాలని నియమం ఉంది. ఆ నియమం రాసింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు. సెలవులిచ్చిన రోజు ట్రంకుపెట్టెలు అందరూ పట్టుకెళ్తారు. తిరిగొచ్చేవాళ్ళు మాత్రం పరుపు చుట్టి, నంబరు పైకి కనబడేలా మంచం మీదే వదిలేస్తారు. రానివాళ్ళు పరుపు కూడా పట్టుకుపోతారు. అందుకే ఏటా ఆ రోజు నేను ఆఫీసు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళల్లో వత్తులు వేసుకుని గేటు వైపే చూస్తూ కూర్చుంటాను.

ఈ ఏడు హాస్టల్లో ఉన్నది రెండు వందల పధ్నాలుగు మంది. వాళ్ళలో నూట ఎనభై రెండు మందైనా తిరిగి రాకపోతే బ్యాంకు మా అప్పు గడువు పొడిగించదు. గడువు లేకపోతే బడి తెరుచుకోదు. అంటే ముప్ఫై రెండు పరుపులు పోయినా ఫర్వాలేదు, ముప్ఫై మూడోది గేటు దాటకూడదు. బ్యాంకు ఆ మాట రాసిన ఉత్తరం వచ్చిన రోజు, ఈ బడి పెట్టిన మా మేనత్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"స్థలం పెట్టాం. బిల్డింగు పెట్టాం. నా గాజులు కూడా పెట్టేశాను. ఇంక తాకట్టు పెట్టడానికి ఏం మిగిలిందే?" అంది.

నేను ఆవిడ మేనకోడలిని, ఈ బడికి మేనేజర్ని. పదకొండేళ్ళుగా ఆవిడ ఏదడిగినా ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం ఉత్తరం మడిచి సొరుగులో పెట్టాను.

ఈ విషయం మా ఇద్దరి మధ్యే ఉండాల్సింది. నేను ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఇక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆయన వాదించలేదు, అరవలేదు. నాలుగు రోజుల్లో ఇంకో బడిలో సీటు చూసి, ఫారం నింపి, నా సంతకం కోసం తెచ్చి పెట్టాడు. నేను సంతకం చేశాను. అత్తయ్యకి చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

పరుపుల రోజు రానే వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్, మేమంతా మీసాలాయన అంటాం, పరుపుకో సుద్దగీత చొప్పున స్తంభం వెనక గీస్తున్నాడు. పొద్దున పదికల్లా పధ్నాలుగు గీతలు పడ్డాయి. బయటికెళ్ళే ప్రతివాళ్ళ దగ్గరా ఒక కథ ఉంది. ఒకరు నల్లులు పట్టాయన్నారు. ఒకరు కొత్త గుడ్డ కుట్టిస్తామన్నారు. ఒకాయనైతే పరుపుకి కాస్త గాలి మార్పు కావాలన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మంచిదండీ, మార్పించండి" అని నవ్వి పంపించాను.

పన్నెండున్నరకి ఇరవై తొమ్మిది. మూడే మిగిలాయి. అంతలో ఫోను మోగింది. మా ఆయన గేటు బయట వ్యాను తెచ్చి నిలబెట్టాడు.

"తెచ్చెయ్. అమ్మాయి పరుపు ఎలాగూ తడిసింది కదా, ఎండబెట్టడానికని చెప్పు" అన్నాడు.

తడిసిన మాట నిజమే. ఆడపిల్లల హాలు పైకప్పు కారుతోందని మేస్త్రీ మూడుసార్లు అంచనా రాసిచ్చాడు. మూడుసార్లూ నేను 'తర్వాత చూద్దాం' అని పక్కన పడేశాను. పోయిన వారం వాన పడితే ఆ నీళ్ళు వేరే ఎక్కడా చోటు లేనట్టు నా కూతురి మంచం మీదే కారాయి. అది మాత్రం ఫిర్యాదు చెయ్యకుండా పరుపులో పొడిగా ఉన్న సగంలో ముడుచుకుని పడుకుంది. మేనేజరు కూతురు కదా, చెప్పుకుంటే బాగోదనుకుందట.

నేనూ అమ్మాయీ చెరో కొసా పట్టుకుని మెట్లు దిగాం. ముక్కిపోయిన వాసన. బరువుకి నా నడుం పట్టేసింది. వరండాలో మా యూనిఫారాలు కుట్టే దర్జీ ఆవిడ తన కూతురి పెట్టె మీద కూర్చుని ఉంది. వాళ్ళ అమ్మాయి మంచం మా అమ్మాయి పక్కదే. ఆవిడ మమ్మల్ని చూసింది. పరుపుని చూసింది. లేచి మెట్లెక్కి పైకి వెళ్ళింది.

నేను వ్యానులో పరుపు పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆవిడ నెత్తిన పరుపుతో దిగుతోంది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళని చూసి అప్పటికే ఆటో ఎక్కిన ఒకాయన దిగి హాస్టలు వైపు దాదాపు పరిగెత్తాడు. వరండాలో నిలబడ్డ వాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కదిలారు.

మీసాలాయన సుద్దముక్క చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, మీ పరుపుకి గీత గియ్యాలా, వద్దా?" అని మెల్లిగా అడిగాడు. "మిగతావాళ్ళ సంగతి అడగను. గీతలు గియ్యడానికి స్తంభం చాలేట్టు లేదు."

పొద్దుట్నించీ ఒక్కొక్కళ్ళ కథలు విని మనసులో దొంగలని తిట్టుకున్నాను. ఇప్పుడు అందరికన్నా పెద్ద కథ నా చేతుల్లోనే ఉంది. పైన కిటికీలో అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడ ఎంతసేపట్నించి చూస్తోందో తెలియదు.

దర్జీ ఆవిడ గేటు దగ్గరికొచ్చి ఆగింది. పరుపు దించలేదు.

"ఒక్క మాట చెప్పండమ్మా. మీ పాప మళ్ళీ వస్తుందా, రాదా? రాకపోతే మాకూ చెప్పండి, ఎక్కడో చోట చూసుకుంటాం" అంది.

ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉంటే నేనూ ఒకటి అనేసేదాన్ని. మా ఆయన వ్యాను తలుపు మీద చెయ్యి వేసి నన్నే చూస్తున్నాడు.

"వస్తుంది. పరుపు తడిసింది, ఎండలో వెయ్యాలి" అన్నాను. "ఇక్కడే వేస్తాను."

"అదేంటి?" అన్నాడు మా ఆయన, నాకు మాత్రమే వినబడేలా.

"దించండి."

"సంతకం చేశావు."

"చేశాను. దించండి."

ఆయన వ్యాను తలుపు తీశాడు. ఆ తర్వాత ఒక కొస తనే పట్టుకున్నాడు. మేమిద్దరం దాన్ని మోసుకొచ్చి ఆఫీసు ముందున్న పిట్టగోడ మీద, గేటులోంచి వచ్చేపోయే అందరికీ కనబడేలా పరిచాం. నూట ఏడు. అమ్మాయి నంబరు పెద్దగా, నల్లరంగులో ఉంది.

దర్జీ ఆవిడ నెత్తి మీది పరుపు దింపి ఊపిరి పీల్చుకుంది.

"మీరు తీసుకెళ్తుంటే నా ప్రాణం పోయినంత పనైందమ్మా. మీ పాప ఉంటే మా పాపకేం భయం?" అని, పరుపు మళ్ళీ ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు. ఆటో దిగినాయన ఒక్కడే ఎటూ తేల్చుకోలేక కాసేపు తచ్చాడి, చివరికి పరుపు లోపల పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి ముప్ఫై ఒకటి. బడి తెరుచుకుంటుంది. తెరుచుకుంటుంది గాని, మధ్యలో ఒక పెద్ద ఖర్చు వచ్చిపడితే ఏడాది చివరిదాకా నడుస్తుందో లేదో నాకు తెలియదు. ఆ మాట దర్జీ ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మా ఆయన ఫారం నాలుగు ముక్కలు చేసి నా బల్ల మీద పెట్టి, అమ్మాయిని తీసుకుని వెళ్ళిపోయాడు. వ్యానులోంచి అది నాకు చెయ్యి ఊపింది. స్నేహితుల్ని వదిలి వెళ్ళక్కర్లేదని దానికి సంతోషంగా ఉంది.

మేస్త్రీకి ఫోను చేసి రేపే కప్పు పని మొదలుపెట్టమన్నాను. ఆ తర్వాత పరుపు దగ్గరికి వెళ్ళి చేత్తో నొక్కి చూశాను. పైన ఆరింది, లోపల తడి అలాగే ఉంది. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడింది. తాకట్టు పెట్టడానికి ఏం మిగిలిందని ఆవిడ ఆ రోజు అడిగిన ప్రశ్నకి జవాబు నా కూతురి నంబరుతో పిట్టగోడ మీద పరిచి ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ అది చదివిందో ఏమో, నా మొహంలోకి చూడలేకపోయింది.