ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న

మా సూర్యప్రకాశరావు సారుకు మేం సెలవుల్లో ఊరికే కూర్చుంటే నచ్చదు. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ మొదటి ఏడు పరీక్షలు రాసి బ్యాగు సర్దుకుంటుంటే పిలిచి, వంద ఫారాలు నా చేతిలో పెట్టారు. "దీపా, మీది గోదావరిఖని కదమ్మా. బొగ్గుగని కార్మికులు ఏమనుకుంటున్నారో మనకు తెలియాలి" అన్నారు. ఆయనది కాకినాడ వైపు. ఎంత బరువు పనైనా మెత్తగా అప్పగిస్తారు, కాదనడానికి నోరు రాదు. ఫారంలో అసలు ప్రశ్న ఒక్కటే. భూమి వేడెక్కడం అత్యవసర పరిస్థితి అని మీరు భావిస్తున్నారా? అవును, కాదు, తెలియదు. పేరు రాయరు. ఎవరేం చెప్పారో బయట పెట్టనని నేను మాటివ్వాలి.

అది రెండు వేల పది మే నెల. నలభై ఏడు డిగ్రీలు. కుండలో నీళ్లు కూడా చల్లగా ఉండేవి కావు. ఆ ఎండలో నెత్తిన చున్నీ కప్పుకుని క్వార్టరు క్వార్టరుకూ తిరిగి, "ఎండలు గిట్ల పెరుగుడు పెద్ద ఆపదనా, కాదా?" అని అడిగే పిచ్చిదాన్ని నేనే.

నాలుగు రోజుల్లో నలభై ఇళ్లు తిరిగాను. మగవాళ్లందరిదీ ఒకటే జవాబు: కాదు. పక్క క్వార్టరు గట్టయ్య కాకైతే తడి తువ్వాల ఛాతీ మీద పరుచుకుని, ఫ్యాను కింద పడుకుని మరీ చెప్పాడు.

"ఎండలు మనకు కొత్తనా బిడ్డా? గదేం ఆపద కాదు. కాదనే రాసుకో."

"మరి గా తడి తువ్వాల ఎందుకే కాకా?"

"గమ్మత్తుకు" అన్నాడు. తలుపు వెనక మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ ఆయన భార్య పూలమ్మ చిన్నమ్మ ఒక్క మాటా అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మంగళవారం సాయంత్రం మా ఇంట్లోనే అమ్మానాన్నలను అడిగాను. మా బాపు నర్సింగం ఇరవై ఆరేళ్లుగా బొగ్గు కంపెనీలో ఉన్నాడు. మొదట భూమి లోపలి గనిలో చేసేవాడు. ఆ గని మూతపడ్డాక, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో గట్టయ్య కాక ఉన్న బ్లాస్టింగు గ్యాంగుకు వేశారు. బండకు వేసిన రంధ్రాల్లో పేలుడు మందు నింపాలి. ఆ పని నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే. ఆ బండల మీద చారెడు నీడ ఉండదు.

"కాదు. రాసుకో, ఏం ఫికర్ లేదు" అన్నాడు బాపు, బువ్వ కలుపుకుంటూ.

"నువ్ చెప్పవే అవ్వా" అన్నాను.

"మీ బాపు ఎట్లంటే గట్లనే" అంది మా అవ్వ సారవ్వ. వీళ్లకు ఎవరు చెప్పగలరు, నా ఖర్మ కాకపోతే!

బుధవారం నాలుగింటికి దూప తట్టుకోలేక ఓపెన్‌కాస్టు రోడ్డు మీది చాయ్ హోటల్లో సోడా తాగుతున్నాను. డ్యూటీ దిగిన మనుషులు వస్తున్నారు. గట్టయ్య కాక కూడా వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. పంతం పట్టి మళ్లీ అదే ప్రశ్న అడిగాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఈడనా? ఈడైతే అవునని రాసుకో."

"నిన్నగాక మొన్న కాదంటివి గదా!"

"తలుపెనుక మీ చిన్నమ్మ నిలవడ్డది. ఆమె ముందట అవునంటే, నేను మళ్ల ఇల్లు చేరేదాక ఆమెకు ముద్ద దిగుతదా? బాయి మాట బాయిలనే ఇడిసి రావాలె. మా నాయిన గట్లనే చేసిండు, మేం గట్లనే చేస్తున్నం." గనిని మావాళ్లు బాయి అంటారు. కాసేపు చాయ్ ఊదుకుని మళ్లీ అన్నాడు. "బొగ్గు కాలవెట్టుడుతోనే లోకం కాలుతున్నదంటరు గదా. ఆ బొగ్గు తీసేది మేమేనాయె. అవునని ఇంట్ల కూసోని ఒప్పుకుంటే తెల్లారి డ్యూటీకి కాళ్లు ఎట్ల లేస్తయ్ బిడ్డా? మొన్న సోమవారం మీ బాపు పడ్డప్పుడే..."

ఆగిపోయాడు. నేను ఆగలేదు. ఆ హోటల్లో నలుగురూ వినేట్టే అరిచి, మిగతా మాట కక్కించాను. మందు నింపుతూ నింపుతూ బాపు బండ మీద కూలిపోయాడట. డంపర్ లారీ నీడకు మోసుకుపోయి రెండు క్యాన్ల నీళ్లు గుమ్మరిస్తే కళ్లు తెరిచాడట. దవాఖానకు తీసుకుపోయారట. తెల్లారి మళ్లీ డ్యూటీకి వచ్చాడట. అంటే, "ఏం ఫికర్ లేదు" అని నాతో అన్నది పడిన మర్నాడే. ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు.

"మీ అవ్వకు చెప్పకు తల్లీ, నీ కాల్మొక్త" అన్నాడు కాక.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గురువారం మగవాళ్లు డ్యూటీకి పోయాక అవే ఇళ్లకు మళ్లీ పోయి, ఆడవాళ్లను ఒంటరిగా అడిగాను. పూలమ్మ చిన్నమ్మ గట్టిగా "అవును" అంది.

"మరి కాక ముందట అనకపోతివి?"

"ఎట్లంటనే! గుండెల బుగులు వెట్టుకోని పోతే మందు కాడ చెయ్యి వణుకదా? నవ్వుకుంట సాగదోలాలె."

ఇంటికి వచ్చి అవ్వను అడిగాను. కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే "అవునని రాయి. మీ బాపుకు చెప్పకు" అంది.

ఊరంతా ఇదే! ఒకరి మీద ఒకరికి ప్రాణం. ఆ ప్రాణంతోనే ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటున్నారు. రేపు బాపు మళ్లీ ఆ బండ మీదికి పోతాడు. ఈసారి కళ్లు తెరవకపోతే? నేను మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకుని ఉండాలా? ఉండలేను.

సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి చాప వేశాను. ఇద్దరినీ లాక్కొచ్చి కూర్చోబెట్టాను. కొత్త ఫారం తీశాను.

"ఇంటికి ఒక్కటే జవాబు కావాలన్నడు మా సారు. ఇద్దరు కలిసి చెప్పాలె." సారు అలా ఏమీ అనలేదు. ప్రశ్న మళ్లీ చదివాను.

"మొన్న చెప్పిన కదనే. కా..."

"అవును" అంది అవ్వ.

బాపు ఆమె వైపు తిరిగాడు. "ఏందే?"

"అవునంటున్న. సోమవారం నీ అంగీకి చెమట చారలు లేకుండె. ఎండల చేసొచ్చిన అంగీకి ఉప్పు పట్టకుంటదా? ఎవలో నీళ్లు గుమ్మరిచ్చిన్రు. ఇరువై ఆరేండ్ల సంది ఉతుకుతున్న, నాకు ఎరుక లేదా?"

నేను దాచలేక చస్తున్న మాట ఆమెకు నాకంటే ముందే తెలుసు.

బాపు చాప అంచు గోకాడు. "మరి అడగకపోతివి?"

"అడిగితే నువ్ అబద్ధమాడుతవ్. నీతోని అబద్ధమాడిచ్చుడు నాకు ఇష్టం లేకుండె" అంది అవ్వ. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మా అవ్వ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. బాపు ఏం చేయాలో తెలియక ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఎదురుగా ఉన్నానని కూడా చూసుకోలేదు.

కాసేపటికి లేచి లోపలికి పోయి, దేవుడి పటం వెనక నుంచి ఒక చిట్టీ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. నాకిచ్చింది.

"దవాఖాన చిట్టీ" అన్నాను. "పది దినాలు ఎండల పోవద్దని రాసిన్రు. డ్యూటీకి సెలవు కూడా రాసిచ్చిన్రు."

"సోమవారం సంది పది" అన్నాడు బాపు మెల్లగా. "నాలుగు అయిపోయినయ్. ఇంకెన్ని, ఆరే కదా."

"ఆ నాలుగు నువ్ ఎండల్నే ఉంటివి. అవి నేను ఒప్పుకోను" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ. "రేపటి సంది పది."

గోడ అవతల గట్టయ్య కాక బకెట్టు చప్పుడు వినిపిస్తోంది.

"బిడ్డా" అన్నాడు బాపు, "కాకకు చెప్పిరాపో. రేపు నేను వస్తలేనని."