గొర్రె కాళ్లు నెత్తికెక్కిన రోజు

ముందుగది ఎవరిదన్న విషయంలో అత్తాకోడళ్లకు చివరికి ఒక ఒప్పందం కుదిరింది. శనివారం సాయంత్రం ఆడపడుచు వచ్చే వేళకి, గది మధ్యలో బీరువాలా నిలబడ్డ పాత గేమ్ మెషీన్ ఆడిందా, గది కోడలిది. ఆడలేదా, తీగలూ టంకమూ స్క్రూలూ మేడమీది రేకుల షెడ్డుకి, వరండాలో జల్లుకి తడుస్తున్న సోఫా లోపలికి. ఆ షెడ్డులో ఎండాకాలం టంకం కరగడానికి వేరే వేడి అక్కర్లేదు, గాలి చాలు. పని మానుకోమని మర్యాదగా చెప్పడమే అదని కోడలికి తెలుసు.

ఇద్దరూ కలిసి ఇంటి మగమనిషిని సాక్షిగా నిలబెట్టారు. అతను తల్లి వైపు ఓసారి, పెళ్లాం వైపు ఓసారి తలూపి, ఆ రెండు ఊపులూ సమానంగా ఉన్నాయో లేదోనని కంగారు పడ్డాడు.

కోడలు చదివింది భౌతికశాస్త్రం. పెళ్లయ్యాక ఆ చదువు మిక్సీకి, ఇస్త్రీపెట్టెకి పనికొచ్చింది. మూతబడ్డ ఆటల హాల్లోంచి తుక్కుకి పోతున్న ఓ మెషీన్‌ని ఇంటికి తెచ్చి బతికించాక మాత్రం ఆమె కంటికి మిక్సీలు ఆనలేదు. ఇప్పుడొచ్చినది కంచెలు దూకే గొర్రె ఆట. పక్క చెక్కల మీద బొమ్మలకి రంగులు వేసింది, బటన్లు మార్చింది, స్క్రీన్ వెలిగించింది. మిగిలింది సర్క్యూట్ బోర్డే.

బోర్డుని నీళ్లతో కడుగుతారంటే అత్తగారు మొదట్లో నమ్మలేదు. ఏళ్ల తరబడి పట్టిన పొగా దుమ్మూ వదలాలంటే గిన్నెల సబ్బూ పాత టూత్‌బ్రష్షే దిక్కు. ఆ తర్వాత చుక్క తడి లేకుండా ఆరనివ్వాలి, అంతే. ఆ శనివారం పొద్దున కోడలు గొర్రె బొమ్మ దాచుకున్న నాలుగు చిప్పుల్ని సాకెట్లలోంచి జాగ్రత్తగా పీకి, ఒక పళ్లెంలో వరసగా పెట్టి, బోర్డు కడిగి పెరట్లో ఆరేసి స్నానానికి వెళ్లింది. వచ్చేసరికి పళ్లెం నిగనిగలాడుతోంది. ఉతికిన గుడ్డ మీద నాలుగు చిప్పులూ పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాయి.

"అత్తయ్యా, వీటి మీద కాగితాలేవీ?"

"ఆ చీకిపోయిన చింకి ముక్కలా? కాస్త నూనె రాసి గీకి పారేశాను. చూడు, ఎలా మెరుస్తున్నాయో!"

"ఏది ఎక్కడ పెట్టాలో వాటి మీదే రాసుందండీ!"

"నాలుగూ ఒక్కలాగే ఉన్నాయిగా. ఏది ఎక్కడ పెడితే ఏం?"

"అవి ఒక్కలా ఉండటమే నా ఏడుపు అత్తయ్యా."

ఇది కావాలని చేసిన పనా అని కోడలికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ పక్కింటి గుమ్మం ముందు కాళ్లపట్టా వంకరగా ఉంటే వంగి సర్ది వచ్చే మనిషి ఆవిడ. కుట్రలకి ఆవిడకి తీరికెక్కడిది?

"ఒక్కోటీ మార్చి మార్చి చూడరాదూ?" అన్నాడు భర్త, తనవల్ల సాయం జరుగుతోందన్న ఉత్సాహంతో.

"చిప్పుల కాళ్లు తుప్పు పట్టి ఉన్నాయి. పీకినప్పుడల్లా ఒకటి వంగుతోంది. ఇంకో రెండుసార్లకి విరుగుతాయి. అప్పుడు నీ కాళ్లు అతికిస్తావా?"

గుడ్డ మీద వరసే నమ్ముకోవాలనుకుంది కోడలు. బోర్డు ఆరాక, ఎడమనుంచి మొదలుపెట్టి ఉన్నవి ఉన్నట్టే గుచ్చి, స్విచ్ వేసింది. పాట హుషారుగా మోగింది. తెరమీదకి గొర్రె వచ్చింది. కాళ్లు పైకి, తల కిందకి, ఒళ్లంతా పచ్చగా. దాని చుట్టూ గడ్డి తెల్లగా ఉంది.

"గడ్డే గొర్రెని మేసినట్టుంది," అన్నాడు భర్త. నవ్వినందుకు రెండు వైపులనుంచీ చూపులు తిన్నాడు.

అత్తగారు చేతిలో టేపు పట్టుకుని వచ్చారు, సోఫా ఎంత మేర పడుతుందో కొలవడానికి. ఓ కొస గోడకి ఆనించారు. కొలవలేదు. తెర వైపు చూశారు. "నాకెందుకులే," అని వంటింట్లోకి వెళ్లారు. గిన్నెల చప్పుడైంది. మళ్లీ వచ్చారు.

"అదేమిటే, ఇంకా అలాగే నడుస్తోందా?"

"ఆపేస్తాను అత్తయ్యా. షెడ్డులోకి సామాను సర్దుకోవాలి కదా," అంది కోడలు. గొంతు తేలిగ్గానే ఉంది. స్విచ్ మీద వేలు మాత్రం కదల్లేదు.

అత్తగారు టేపు చుట్టేశారు. "ఎటునుంచి గుచ్చావు?"

"ఎడమనుంచి. మీరు పేర్చిన వరసే."

"నాది ఎడమచేతివాటం కదే! నేనేది సర్దినా కుడినుంచే మొదలు. ఇన్నేళ్లుగా నా కంచాల వరస చూస్తున్నావు. నీ పళ్లెంలో ఉన్న క్రమం నేను తప్పలేదు, నువ్వు కొస మార్చావు."

"అమ్మా, ఇలా చెబితే గది పోతుంది," అన్నాడు కొడుకు.

"నువ్వు నోర్ముయ్. గుడ్డ మీద పువ్వు అతుకు తప్పితేనే కుట్టు విప్పేసేదాన్ని. తలకిందుల గొర్రెని మేడమీద పెట్టుకుని సోఫాలో నిద్రపడుతుందా నాకు?"

కోడలు ఊపిరి బిగబట్టి చిప్పులు పీకింది. ఓ కాలు వంగింది, పట్టకారుతో నిలబెట్టింది. ఈసారి కుడికొసనుంచి ఒక్కోటీ గుచ్చింది. స్విచ్ వేసింది.

తెల్లటి గొర్రె, నాలుగు కాళ్ల మీద, పచ్చగడ్డిలో, కంచె ముందు నిలబడి తోకాడించింది.

కోడలు అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. అత్తగారు మాత్రం కోడల్ని దాటుకుని వెళ్లి, ఆట నడిపే కర్ర పట్టుకుని ఎడమచేత్తో ఓ కుదుపు కుదిపారు. గొర్రె గెంతింది.

ఆడపడుచు సంచులతో గుమ్మంలోకి వచ్చేసరికి తల్లి వెనక్కి తిరగలేదు.

"అమ్మా, వచ్చాను. ఎక్కడ కూర్చోను?"

"ఉన్నచోటే నిలబడు. కంచె వస్తోంది."

"ఇదేంటి వదినా, సోఫా లోపలికి వస్తుందన్నారుగా?"

"షెడ్డులోకి పోతుంది. సాయం పట్టడానికి మీ అన్నయ్య ఉన్నాడు," అంది కోడలు.

"అయ్యో, గొర్రె పడిపోయిందే!"

"నువ్వు మాట్లాడావు కాబట్టి పడింది," అన్నారు అత్తగారు. "కోడలుపిల్లా, మళ్లీ మొదలుపెట్టు."