కాళ్ల దగ్గర బాక్సు

"ఏమే ఎస్తేరూ, పాడటం మానేశావా?"

చెల్లెలు చెప్పులు విడిచి గడప దాటకముందే దీనమ్మ అడిగిన మొదటి మాట అది.

బందరు నుంచి అవనిగడ్డ దాకా బస్సులో నిలబడి వచ్చిన ఎస్తేరుకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "మానెయ్యడమేంటక్కా? మొన్న ఆదివారం కూడా పాడాను. ఇప్పుడు మట్టల ఆదివారం పాటలు నేర్చుకుంటున్నాం" అంది.

"మరి నీ గొంతేదీ?"

దీనమ్మకి మోకాళ్లు అరిగిపోయి చర్చికి వెళ్లడం కుదరడం లేదు. కోడలు ఆ మధ్యనే ఇంట్లో కంప్యూటరుకి ఇంటర్నెట్టు పెట్టించింది. బందరు చర్చి ఆరాధన ఆదివారం సాయంత్రానికల్లా అందులోకి వచ్చేస్తుంది. గుడివాడలో కంప్యూటర్లు నేర్పే ప్రకాష్ ఆ చర్చి పాటల బృందంలో, క్వయర్‌లో, కీబోర్డు వాయిస్తాడు. బొమ్మ ఉండదు, మైకుల మిక్సరు నుంచే నేరుగా గొంతులు రికార్డు చేసి ఎక్కిస్తాడు. గల్ఫులో ఉన్నవాళ్ల కోసమని మొదలుపెట్టారు గానీ, దీనమ్మలా ఇల్లు కదలలేని వాళ్లే ఎక్కువ వింటున్నారు. ఆవిడ స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, తల మీద ముసుగేసుకుని మరీ కంప్యూటరు ముందు కూచుంటుంది. కానుకల పాట రాగానే తన కానుక గుడ్డసంచిలో వేస్తుంది. నెలకోసారి ఎస్తేరు వచ్చి ఆ సంచి బందరు పట్టుకెళ్లి చర్చిలో ఇస్తుంది.

"నాది కింది స్వరం కదక్కా. పైవాళ్ల గొంతుల్లో కలిసిపోతుంది" అంది ఎస్తేరు.

"నీ గొంతు నాకు తెలీదటే? ఒకే దుప్పట్లో దూరి పాడుకున్నవాళ్లం! అందరివీ వినపడుతున్నాయి. ఆ ప్రిస్కిల్లా దగ్గింది, అదీ వినపడింది. నీదే లేదు. క్రిస్మస్ నించీ చూస్తున్నాను. ఎవరితోనో మాటామాటా వచ్చి మానేశావేమో, నువ్వే చెబుతావులే అని ఇన్నాళ్లూ అడగలేదు."

కోడలు వచ్చి మొన్నటి ఆరాధన పెట్టింది. కానుకల పాట ఎస్తేరు భర్త, క్వయర్ మేస్టారు రత్నరాజు కట్టిన బాణీ. పెళ్లయిన కొత్తల్లో కట్టాడు. ప్రతి చరణం చివరా అందరూ ఆగిపోతే, ఆఖరి మాటను ఎస్తేరు ఒక్కతే కింది స్వరంలో మళ్లీ అనాలి. గుడివాడ యువజన సభల్లో ఆ గొంతు విని, మర్నాడే పెద్దల్ని సంబంధానికి పంపిన మనిషి అతను. ఆ చోటు ఆమె కోసమే ఉంచాడని బందరులో క్వయర్ పాడినవాళ్లందరికీ తెలుసు.

చరణం అయింది. అందరూ ఆగారు. ఆ చోట కీబోర్డు ఒక్కటే మోగింది. తర్వాత రెండో చరణం ఎత్తుకున్నారు.

"మళ్లీ పెట్టమ్మా" అంది ఎస్తేరు.

మళ్లీ కీబోర్డే. ఆదివారం అక్కడ తను కళ్లు మూసుకుని పాడింది. తన గొంతు తనకి చక్కగా వినపడింది కూడా. మరి ఇదేంటి?

"మైకు చెడిపోయి ఉంటుందిలే" అంది దీనమ్మ, చెల్లెలి మొహం చూసి గొంతు తగ్గించి.

"అంతే అయ్యుంటుంది."

అంతే అయ్యుంటే అక్కడితో వదిలెయ్యొచ్చు. కానీ ఎస్తేరు అంతకుముందు వారానిది పెట్టించుకుంది. సంక్రాంతి నెలది పెట్టించుకుంది. క్రిస్మస్‌ది కూడా పెట్టించుకుంది. కోడలి చేతి చేపల పులుసు తిని వెళ్లమని అక్క ఎంత బతిమాలినా ఉండకుండా బస్సెక్కేసింది.

శనివారం ప్రాక్టీసుకి అందరికంటే ముందే వెళ్లింది. మైకుసెట్టు సత్తిబాబు వైర్లు పరుచుకుంటున్నాడు. ఎస్తేరు నిలబడే చోట, కాళ్ల దగ్గర, చిన్న స్పీకరు బాక్సు ఉంది. పోయిన క్రిస్మస్ ముందు రత్నరాజు విజయవాడ వెళ్లి కొనుక్కొచ్చాడు దాన్ని. "వెనక వరసలో నీ గొంతు నీకే వినపడట్లేదన్నావుగా. ఇక హాయిగా పాడుకో" అని ప్రత్యేకంగా ఆమె ముందు పెట్టించాడు. "మేస్టారికి ఆంటీ అంటే ఎంత ప్రేమో! మాకూ ఉన్నారు మొగుళ్లు, గాజులైనా కొనరు" అని క్వయర్ ఆడపిల్లలు ఏడిపిస్తే, ఆ వయసులో సిగ్గుపడింది ఎస్తేరు. దుమ్ము పడకుండా దానికి తొడుగు కుట్టింది. తొడుగు చుట్టూ లేసు కూడా అల్లింది.

"సత్తిబాబూ, నా మైకు ఎందులోకి పోతోందయ్యా?"

సత్తిబాబు వైరు చుట్టడం ఆపలేదు. "ఈ చిన్నబాక్సులోకేనండి."

"జనానికి వినపడే పెద్ద బాక్సుల్లోకి?"

"పోదండి. దీనికొక్కదానికే ఇమ్మన్నారు కదండీ మేస్టారు." అప్పుడు తలెత్తి ఆమె మొహం చూశాడు. వైరు చేతిలోంచి జారింది. "మీకు తెలుసనుకున్నానండీ అమ్మగారూ. మీరే అడిగారేమో అనుకున్నా. ఒట్టండీ."

అప్పుడే ప్రిస్కిల్లా వచ్చింది. ఈ మధ్య సోలోలన్నీ ఆ పిల్లవే. "కుర్రాళ్లకి అవకాశం ఇద్దాం" అని రత్నరాజు అంటే సంతోషంగా ఒప్పుకుని, ఇంటికి పిలిచి, టీ పెట్టి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పింది ఎస్తేరే. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే వచ్చి చెయ్యి పట్టుకుని, "ఆంటీ, ఇవాళ అదరగొట్టేశారు" అంటుంది ప్రిస్కిల్లా.

"నా మైకు సంగతి నీకు తెలుసా?" అని అడిగింది ఎస్తేరు.

ఆ పిల్ల సత్తిబాబు వంక చూసింది. తర్వాత నేల వంక చూసింది. ఇక అడగాల్సింది ఏమీ లేకపోయింది.

ప్రాక్టీసుకి నిలబడకుండా ఇంటికి వచ్చేసింది. సాయంత్రం రత్నరాజు వచ్చేసరికి వంటింట్లో వంకాయలు కోస్తోంది. సత్తిబాబు చెప్పేసి ఉంటాడు. అతను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్ను కష్టపెట్టడం ఇష్టం లేక చేశాను ఎస్తేరూ."

"ఎంతమందికి తెలుసు?"

"క్వయర్లో వాళ్లకి చెప్పక తప్పలేదు. కమిటీలో రెండుసార్లు అన్నారు, మీ ఆవిడ గొంతు మునుపట్లా లేదు, శ్రుతి జారిపోతోందని. ఇంకెవరో నీ మొహం మీద అంటే నువ్వు తట్టుకోగలవా?"

"ఇంకెవరో అనడం దేనికి? మీరు అనొచ్చుగా."

"నాకు ధైర్యం లేకపోయింది."

"పక్కన పడుకునే మనిషికి చెప్పడానికి ధైర్యం లేదు. మైకులు కట్టే సత్తిబాబుకి చెప్పడానికి ఉంది. ప్రిస్కిల్లాకి చెప్పడానికి ఉంది." వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసింది. "మానెయ్యమంటే మానేసేదాన్ని. రెండ్రోజులు ఏడ్చేదాన్ని. అంతే. ఆ బాక్సు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారే, దానికి లేసు అల్లుతుంటే పక్కన కూచుని చూశారే... అప్పుడు నవ్వొచ్చిందా మీకు?"

"ఛ, అవేం మాటలు! నువ్వు సంతోషంగా ఉన్నావు కదా అనుకున్నాను."

"ఉన్నాను. అదే కదండీ నా ఏడుపు."

అతను వచ్చి పీట మీద కూచున్నాడు. ఆమె కత్తిపీట మడిచి గోడకి ఆనించి, అతనికి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడైనా చెప్పండి. నా గొంతు ఎలా ఉంటోంది?"

"బాగానే ఉంటుంది. కొంచెం..."

"కొంచెం ఏంటి?"

"వదిలెయ్ ఎస్తేరూ. రేపట్నించి నీ మైకు పెద్ద బాక్సుల్లోకే ఇమ్మంటాను. ఎవరేమన్నా నేను చూసుకుంటాను. సరేనా?"

"ఇచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఎస్తేరు పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది.

మర్నాడు ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం. పిల్లలు మట్టలు ఊపుకుంటూ చర్చి చుట్టూ తిరిగి వచ్చారు. క్వయర్ వాళ్లు తెల్లచీరలు కట్టుకుని వరసల్లో నిలబడ్డారు. ఎస్తేరు మామూలు నీలం చీరలో, వెనకాల చాపల మీద, బంటుమిల్లి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ల మధ్య కూచుంది. ముందు నుంచి రత్నరాజు ఆమె కోసం వెతుక్కోవడం కనపడింది. ఆమె ముసుగు కాస్త ముందుకి లాక్కుంది.

సంఘమంతా కలిసి పాడే పాట మొదలైంది. పాడకూడదనే కూచుంది. కానీ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పాడిన పాట, పెదాలు వాటంతటవే కదిలాయి. కింది స్వరం అందుకుంది. తన చెవికి బాగానే ఉంది. ఎక్కడా జారినట్టు లేదు. క్రిస్మస్ నుంచీ ప్రతి ఆదివారం ఇలా బాగానే వినపడింది. రెండో చరణానికి సగంలో ఆపేసింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ ఆపింది.

పాట అయ్యాక పక్కన కూచున్న ముసలావిడ ఆమె మోచెయ్యి తట్టింది. ఎన్నడూ చూసిన మనిషి కాదు.

"ఎంత బాగా పాడుతున్నావమ్మా! ఆపేశావేం?"

ఎస్తేరు ఆవిడ వైపు తిరిగింది. ముడతలు పడిన ఆ మొహాన్నీ, నవ్వుతున్న ఆ కళ్లనీ పరీక్షగా చూసింది. పాస్టరుగారు ప్రార్థనకి వంగమన్నారు. అందరూ తలలు వంచారు. ముసలావిడ కూడా కళ్లు మూసుకుంది. ఎస్తేరు ఇంకా ఆవిడ మొహంలోకే చూస్తోంది.