సున్నపు గీత

మట్టి పరీక్షల అమ్మాయి సున్నం డబ్బా చేతికిచ్చి, "పాత ఆయిలు ఎక్కడిదాకా పోశారో అక్కడిదాకా గీత వేయండి. లోపలి మట్టంతా తవ్వి తీసుకుపోతాం," అన్నప్పుడు, అదేం పెద్ద పనిలే అనుకున్నాడు మెకానిక్. పెరడు తనది, పోసింది తను. తీరా రెండడుగులు వేసేసరికి కాళ్లు ఆగిపోయాయి.

షెడ్డులో బండ్ల నుంచి తీసిన ఆయిలు పారబోయడానికి చోటుండేది కాదు. దుమ్ము అణుగుతుందని, చెదలు రావని, వీధి వీధంతా డబ్బాలతో వచ్చి అడిగి మరీ పట్టుకుపోయేది. అతనూ ఊరికే ఇచ్చేవాడు. ఆయిలు పడ్డ రోజు వీధి ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉండేది. ఇంట్లో మాత్రం అతనికంత స్వతంత్రం లేదు. భార్య మెట్టు మీద నిలబడి, "ఇటు పొయ్యి, అటొద్దు, ఇంక చాల్లే," అంటుంటే డబ్బా వంచేవాడు. వంచిన చెయ్యి అతనిది, గుర్తంతా ఆమెది. ఆమె పోయి ఇంకా మూడు నెలలు కాలేదు.

ఆ ఆయిల్లోని విషం మట్టికి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదని ఇప్పుడు చెబుతున్నారు.

"మా ఆవిడ జబ్బు దీనివల్లేనా అమ్మా?" అని పొద్దున అడిగాడు.

"అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. మట్టిని చూసి అది చెప్పలేమండీ," అంది ఆ అమ్మాయి.

ఔనన్నా ఏడ్చేవాడు, కాదన్నా ఏడ్చేవాడు. రెండూ కాని ఆ మాటను ఏం చేసుకోవాలో తెలియలేదు.

గోడ వెంట గీత వేసుకుంటూ బెండ మడి దగ్గరికొచ్చాడు. భార్య చేత్తో వేసిన చివరి మడి. మొక్కలు ఇంకా కాస్తూనే ఉన్నాయి. మడి మొదట్లో నీళ్ల తొట్టి పక్కన ఉండేది, తర్వాత ఆమే ఇటు మార్చింది. మార్చకముందు ఇక్కడ పోశాడా?

"ఆగు బావా!" మరదలు వచ్చి మడికి అడ్డంగా నిలబడింది. "ఇక్కడ పొయ్యలేదు. అక్క పొయ్యనిస్తుందా?"

"మడి లేనప్పుడు పోసుంటే?"

"పోశావా మరి?"

"గుర్తులేదు బుల్లీ."

"బండి చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేస్తావు, నీ పెరట్లో నువ్వు పోసింది గుర్తులేదా?"

"బండి అడిగితే పలుకుతుంది."

మరదలు తల తిప్పుకుంది. అతను పరీక్షల అమ్మాయి వంక చూశాడు.

"మడి పక్కన మట్టి తీసి చూశాం. కాస్త విషం కనబడింది. అది మడిలోదా, గోడవైపు నుంచి ఊరిందా తేలలేదు. మళ్లీ పరీక్షకు పంపితే నెలలు పడుతుంది. తవ్వే బండి ఇవాళే ఉంటుంది," అంది ఆమె.

బండి డ్రైవరు పైనుంచి కేకేశాడు: "అన్నా, ఏదో ఒకటి తేల్చు! డీజిలు ఊరికే కాలిపోతోంది. ఆ మిగిలింది కూడా ఇక్కడే పొయ్యమంటావా ఏంటి?"

నవ్వాలో వద్దో ఎవరికీ తోచలేదు.

"ఈ కాయలు మీ పిల్లలకు పెడుతున్నావా?" అని మరదల్ని అడిగాడు.

"పెట్టనా మరి? అక్క వేసినవని ఇష్టంగా..." ఆమె మాట మధ్యలో తెగిపోయింది. "బావా, వాళ్లకేమీ కాదుగా?"

అతను వంగి, మడిని లోపలికి కలుపుకుంటూ గీత తిప్పాడు. ఒకచోట సున్నం కుప్పగా పడింది. మరదలు పక్కకు జరిగింది. జరిగాక అడిగింది: "సరిగ్గానే వేశావా?"

"తెలీదమ్మా."

బండి మడిని ఒక్క ఊపున పెకలించింది. కింద మట్టి చూడబోతే శుభ్రంగానే ఉంది. అతను గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. షెడ్డులో బతికిన ముక్కు, దానికి ఏ వాసనా తెలిసి చావదు. అదే గుప్పెడు మరదలి ముందుకు చాచాడు.

"నువ్వు చూసి చెప్పు."

ఆమె వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఏమో బావా. నాకు నీ చేతుల వాసనే వస్తోంది."